పద్మిని ముందు సస్పెన్షన్: తక్కువ ఖర్చులో మొత్తం పని ఎలా చేసుకోవాలి

పాత పద్మిని కారు కొన్నవాళ్లు మొదట పరుగెత్తేది పెయింటర్ దగ్గరికి. ఆ తర్వాత సీటు కవర్లు, క్రోమ్ బంపర్లు, ఒక మంచి హారన్. ముందు చక్రాల వెనక ఏముందో తొంగిచూసేసరికి చేతిలో డబ్బు ఉండదు. నా మాట వింటే ఈ వరస తిరగేయండి. రంగు వెలిసిన బండిలో తిరుపతి నుంచి చిత్తూరు దాకా నిశ్చింతగా వెళ్లి రావచ్చు. కింగ్ పిన్ అరిగిన బండిలో అన్నమయ్య సర్కిల్ దాటాలన్నా టెన్షనే.

ఇక్కడ చెప్పేది పద్మినికీ, అంతకుముందు వచ్చిన ఫియట్ డిలైట్, ప్రెసిడెంట్ బండ్లకూ. పేర్లు మారినా అన్నీ ఇటలీ ఫియట్ 1100డి సంతానమే, ముంబై కుర్లాలో ప్రీమియర్ ఆటోమొబైల్స్ తయారుచేసినవే. ఊళ్లో మాత్రం అన్నిటినీ ఫియటనే అంటారు. ఒక్కో ముందు చక్రానికి పైన ఒక ఆర్మ్, కింద ఒక ఆర్మ్, కింది ఆర్మ్ మీద కాయిల్ స్ప్రింగు, ఒక షాక్ అబ్జార్బర్ ఉంటాయి. చక్రం అటూ ఇటూ తిరగడానికి కింగ్ పిన్, రెండు వైపులనూ కలుపుతూ స్టెబిలైజర్ బార్. అంతకుమించి ఏమీ లేదు. కంప్యూటర్ లేదు, సెన్సర్ లేదు. కాస్త ఓపిక, మంచి లేత్ షాపు ఉంటే చాలు.

అంబాసిడర్ ఉన్నవాళ్లకు ఒక మాట. మీ బండికి ముందువైపు ఉండేది టార్షన్ బార్ (మెలి తిరుగుతూ స్ప్రింగులా పనిచేసే కడ్డీ), కాయిల్ స్ప్రింగు కాదు. పరీక్షలు, పగుళ్లు చూడటం, అలైన్‌మెంట్ మీకూ పనికొస్తాయి. స్ప్రింగు విప్పే భాగం మాత్రం మీది కాదు.

ఖర్చు తగ్గేది బేరం దగ్గర కాదు. ఏది మార్చాలి, ఏది మార్చక్కర్లేదు అని కొలిచి తేల్చుకున్నప్పుడే తగ్గుతుంది. బండి చూడకుండానే "మొత్తం సెట్టు వేసేద్దాం అన్నా" అనే మేస్త్రీ చేతిలో పెడితే బాగున్న టై రాడ్ ఎండ్లు (స్టీరింగు కదలికను చక్రానికి అందించే కడ్డీ చివరి జాయింట్లు) కూడా పాత ఇనుము కుప్పలోకి పోతాయి.

విప్పకముందు చేయాల్సిన పరీక్షలు

చదునైన నేల మీద బండి నిలపండి. టైర్లలో గాలి సరిగ్గా పట్టించి, చక్రం మధ్య నుంచి పైనున్న మడ్‌గార్డ్ అంచు వరకు టేపుతో కొలవండి. రెండు వైపులా రాసిపెట్టుకోండి. తేడా ఎక్కువగా ఉంటే ఒక స్ప్రింగు కుంగి ఉండొచ్చు, లేదా బుష్ (జాయింటు లోపలి తొడుగు) పూర్తిగా చితికి ఉండొచ్చు. ఈ అంకెలు పని అయ్యాక మళ్లీ కావాలి.

తర్వాత ఇంజను ఆపేసి, చక్రాలు నేల మీదే ఉండగా, ఒకరిని స్టీరింగు దగ్గర కూర్చోబెట్టి కొద్దిగా అటూ ఇటూ ఆడించమనండి. మీరు కింద పడుకుని ఒక్కో టై రాడ్ ఎండ్ మీద వేళ్లు వేయండి. అరిగిన జాయింటు దగ్గర ఒక ముక్క కదిలాక రెండోది ఆలస్యంగా కదులుతుంది. కంటికి కనపడకపోయినా వేళ్లకు టక్కుమని తెలుస్తుంది. స్టీరింగు బాక్సు, అవతలి వైపు స్టీరింగు కడ్డీలను మోసే ఐడ్లర్ ఆర్మ్ కూడా ఇలాగే చూడండి. స్టీరింగు ఊగితే కింగ్ పినే కారణమని చాలామంది తీర్పు చెప్పేస్తారు. చాలాసార్లు అసలు దొంగ ఐడ్లరే.

ఇప్పుడు కింగ్ పిన్. జాకీ ఎక్కడ పెడతారన్నది ఇక్కడ ముఖ్యం. ఛాసిస్ కింద పెట్టి ఎత్తితే స్ప్రింగు కింది ఆర్మ్‌ను అడుగుకు నొక్కి పట్టేస్తుంది, ఆర్మ్ జాయింట్లలో లూజు ఉన్నా బయటపడదు. కింది ఆర్మ్ కింద, వీలైనంత చక్రం వైపుగా జాకీ పెట్టి, టైరు నేల వదిలేవరకు మాత్రమే ఎత్తండి. చక్రం పైన ఒక చెయ్యి, కింద ఒక చెయ్యి వేసి లోపలికీ బయటికీ ఆడించండి. లూజు తగిలితే పక్కనున్నవాళ్లను బ్రేకు తొక్కమనండి. బ్రేకు తొక్కగానే లూజు పోయిందంటే అది వీల్ బేరింగుది. బ్రేకు తొక్కినా ఆడుతూనే ఉంటే కింగ్ పిన్‌దో, ఆర్మ్‌ల చివర పిన్‌లదో. టార్చి వేసి ఎక్కడ కదులుతోందో చూస్తే అదీ తేలిపోతుంది. ఈ ఒక్క పరీక్షతోనే అనవసరమైన కొనుగోళ్లు చాలావరకు తప్పుతాయి.

టైర్లను కూడా అడగండి, అవి అబద్ధం చెప్పవు. ఒక అంచు మాత్రమే అరిగితే క్యాంబర్ (చక్రం పైభాగం లోపలికో బయటికో వాలడం) మీదో టో (రెండు చక్రాల ముందు అంచులు దగ్గరగానో దూరంగానో ఉండటం) మీదో అనుమానం. అరచేతితో అడ్డంగా నిమిరితే ఒకవైపు నున్నగా, మరోవైపు రంపంలా గీరుకుంటే అది టో తప్పే. అక్కడక్కడ గుంటలు పడి ఉంటే షాక్ అబ్జార్బర్ పని చేయడం లేదని.

ఎత్తడం, విప్పడం

ఈ భాగంలో పొదుపు మాట ఎత్తొద్దు. బండి స్టాండ్ల మీదే ఉండాలి, అవి ఛాసిస్ గట్టి భాగం కింద ఉండాలి. ఇటుకలు, సిమెంటు దిమ్మెలు, మన జిల్లాలో ఎక్కడపడితే అక్కడ దొరికే గ్రానైట్ ముక్కలు వద్దు. గ్రానైట్ బరువు మోస్తుంది, నిజమే. దెబ్బ తగిలితే మాత్రం ముందు చెప్పకుండా పగులుతుంది. వెనక చక్రాలకు రెండు వైపులా చెక్క అడ్డాలు పెట్టి, బండిని గట్టిగా ఊపి చూసి, అప్పుడే కిందికి దూరండి.

ఒక వైపు పని పూర్తయ్యేవరకు రెండో వైపు ముట్టుకోవద్దు. ఏ వాషర్ ఎటు ఉందో, ఏ బోల్టు ఎటు నుంచి దూరిందో అనుమానం వస్తే రెండో వైపే మీ మాన్యువల్. ఫోనుతో ఫొటోలు తీయండి, తుడిచాక కాదు, తుడవకముందే. ఆర్మ్ ఇరుసు ఛాసిస్‌కు బిగించే చోట పల్చటి షిమ్‌లు (సందు నింపే రేకులు) ఉంటే అవి క్యాంబర్, క్యాస్టర్ (కింగ్ పిన్ ముందుకో వెనక్కో వాలడం) సెట్ చేయడానికి పెట్టినవి. ఏ బోల్టు దగ్గర ఎన్ని ఉన్నాయో రాసి, వేర్వేరు కవర్లలో వేసి చీటీ పెట్టండి. పాత షిమ్‌లు పారేసి అందాజుగా వాషర్లు దూర్చిన బండ్లు బోలెడు తిరుగుతున్నాయి. వాటికి ఎన్నిసార్లు అలైన్‌మెంట్ చేయించినా నిలవదు.

బ్రేకు డ్రమ్ము ఊడదీశాక లోపలి ధూళిని గాలి కొట్టి ఊదొద్దు. పాత లైనర్లలో ఆస్‌బెస్టాస్ ఉండొచ్చు. సబ్బు నీళ్లతో తడిపి, తడి గుడ్డతో తుడవండి, మాస్కు వేసుకోండి. బ్యాక్ ప్లేటును బ్రేకు హోస్ మీద వేలాడదీయకుండా తీగతో పైకి కట్టండి. హోస్‌ను ఒకసారి వంచి చూడండి. పగుళ్లు కనపడితే కొనాల్సిన జాబితాలో అదే మొదటిది.

ఇక స్ప్రింగు. నొక్కి పెట్టిన కాయిల్ స్ప్రింగు ఒక్కసారిగా విడుదలైతే ఎముకలు విరుగుతాయి, అంతకన్నా ఘోరం కూడా జరగొచ్చు. తాడుతో కట్టడం, ఇద్దరు పట్టుకోవడం లాంటివి వద్దు. స్ప్రింగు కంప్రెసర్ అద్దెకు తెచ్చుకోండి, మేస్త్రీల దగ్గర దొరుకుతుంది. ముందు షాక్ అబ్జార్బర్, స్టెబిలైజర్ లింకు విప్పేయండి. కింది ఆర్మ్ కింద ట్రాలీ జాకీ ఆనించి, కాయిల్ లోంచి ఒక ఇనుప గొలుసు దూర్చి ఛాసిస్‌కు వదులుగా కట్టండి. ఏదైనా జారినా స్ప్రింగు దూరం ఎగరదు. కంప్రెసర్ రెండు బోల్టులనూ కొంచెం కొంచెం మార్చి మార్చి బిగించి, స్ప్రింగు సీటు వదిలాకే ఆర్మ్ జాయింటు విప్పి, జాకీని మెల్లగా దించండి. మీ తల, చేతులు స్ప్రింగు ఎగిరే దారిలో లేకుండా పక్కన ఉండండి. ఈ పని మీద ధైర్యం లేకపోతే ఈ ఒక్కటీ మేస్త్రీ చేత చేయించుకోండి. సిగ్గుపడాల్సిందేమీ లేదు.

కడగడం, పగుళ్లు పట్టుకోవడం

ఇన్నేళ్ల గ్రీజు, ఎర్రమట్టి కలిసి రాయిలా గట్టిపడి ఉంటాయి. మొదట చెక్క ముక్కతో గీకండి. తర్వాత ఒక పాత తొట్టిలో డీజిల్ పోసి రాత్రంతా నానబెట్టి, వైర్ బ్రష్‌తో రుద్దండి. యాసిడ్ వాడొద్దు, మంట పెట్టొద్దు.

ఇప్పుడు రూపాయి ఖర్చు లేని పరీక్ష ఒకటుంది. శుభ్రం చేసిన స్టబ్ యాక్సిల్‌ను (చక్రం తిరిగే పొట్టి ఇరుసును), ఆర్మ్‌లను కిరసనాయిలులో కాసేపు ముంచండి. బయటకు తీసి బట్టతో పొడిగా తుడిచేసి, సుద్దముక్క పొడి పల్చగా అద్దండి. ఇంట్లో రాతి ముగ్గుపిండి ఉన్నా సరిపోతుంది, బియ్యప్పిండి వద్దు. కాసేపటికి, పగులు ఉన్న చోట లోపలికి ఇంకిన కిరసనాయిలు బయటికి ఊరి, తెల్లటి పొడి మీద వెంట్రుకంత నల్లటి గీత తేలుతుంది. ముఖ్యంగా స్టబ్ యాక్సిల్ లావు భాగం నుంచి సన్నబడే మూల దగ్గర, ఆర్మ్ వెల్డింగుల దగ్గర చూడండి. స్టబ్ యాక్సిల్ మీద గీత కనపడితే ఇంకో ఆలోచన లేదు, దాన్ని పక్కన పెట్టేయండి. దానికి వెల్డింగు చేసిస్తామనే షాపు ఎంత పేరున్నదైనా సరే, దండం పెట్టి బయటికి రండి.

వంగిన ఆర్మ్ కూడా అంతే. చేతికీ కాలికీ పుత్తూరు కట్టు ఉంది గానీ సస్పెన్షన్ ఆర్మ్‌కు లేదు. వేడి చేసి సుత్తితో సరిచేసిన ఆర్మ్ చూడటానికి బాగానే ఉంటుంది, బలం పోయి ఉంటుంది. అడ్డంగా ఒక గ్రానైట్ పలక మీద ఎడమ ఆర్మ్, కుడి ఆర్మ్ పక్కపక్కన పెట్టి చూస్తే వంకర తెలిసిపోతుంది. పాలిష్ చేసిన పలకంత చదునైన నేల మీకు ఇంట్లో దొరకదు.

అన్నీ బాగున్న ముక్కలకు ఉప్పుకాగితం పట్టి, రెడాక్సైడ్ ప్రైమర్, పైన నల్ల ఎనామెల్ వేయండి. బుష్ కూర్చునే చోట, బేరింగు కూర్చునే చోట రంగు పడకూడదు.

కొలత, జాబితా, కొనుగోలు

కింగ్ పిన్‌ను శుభ్రం చేసి, పైన, మధ్యలో, కింద మైక్రోమీటర్‌తో కొలవండి. ప్రతి చోటా ఒకసారి కొలిచి, పావు వంతు తిప్పి మళ్లీ కొలవండి. పిన్ గుండ్రంగా అరగదు, బరువు పడే వైపే అరిగి కోడిగుడ్డు ఆకారం వస్తుంది. బుష్ తగలని చోట అరగని అసలు కొలత దొరుకుతుంది, దానితో పోల్చుకోవాలి. మైక్రోమీటర్ లేకపోతే లేత్ షాపు అతన్ని అడిగితే కాదనడు. మామూలు వర్నియర్ 0.02 మిల్లీమీటర్ల వరకే చూపిస్తుంది, అరుగుదల అంచనాకు అది పనికొస్తుంది, ఫిట్టింగుకు చాలదు.

వీల్ బేరింగులను డీజిల్‌లో కడిగి, ఆరాక చెవి దగ్గర పెట్టుకుని తిప్పండి. గరగరమన్నా, లోపల దొర్లే దారి మీద చుక్కలు, నీలం రంగు కనపడినా మార్చాల్సిందే. లేకపోతే కొత్త గ్రీజు పెట్టి అవే వాడుకోవచ్చు. మార్చాలంటే దాని మీద చెక్కిన నంబరు రాసుకుని, స్పేర్ పార్టుల షాపుకు కాకుండా బేరింగుల షాపుకే వెళ్లండి. అదే నంబరు అక్కడ కంపెనీది దొరుకుతుంది, "ఫియట్ బేరింగు" అని అడిగితే పలికే ధర కూడా పలకదు. ఆయిల్ సీళ్లు మాత్రం బాగున్నట్టు కనపడినా కొత్తవే వేయండి. చవకైనవి కదా, కక్కుర్తి దేనికి.

ఇలా మొత్తం తేలాకే జాబితా రాయాలి. పద్మిని తయారీ ఆగిపోయి దాదాపు పాతికేళ్లయింది. కింగ్ పిన్ సెట్, ఆర్మ్‌ల చివర ఉండే ఫల్క్రమ్ పిన్‌లు, టై రాడ్ ఎండ్‌లు తిరుపతి షాపుల్లో ఎవరి పై అరలోనైనా ఉంటే అదృష్టం. చిత్తూరు వాళ్లకు వేలూరు దగ్గర, అక్కడా ఒకసారి అడగండి. లేకపోతే చెన్నైలో పుదుప్పేట, జనరల్ ప్యాటర్స్ రోడ్డు, బెంగళూరులో జేసీ రోడ్డు ఉన్నాయి. పాత ముక్క సంచిలో వేసుకుని వెళ్లండి. అక్కడ డబ్బా మీద ఏం రాసి ఉందన్నది లెక్కలోకి రాదు, పాత ముక్క పక్కన పెట్టి చూసిందే లెక్క. పుదుప్పేటలో పాత బండ్ల నుంచి ఊడదీసిన ఆర్మ్‌లు, స్టబ్ యాక్సిళ్లు కూడా దొరుకుతాయి. కొనొచ్చు గానీ ఇంటికి తెచ్చాక వాటికీ కిరసనాయిలు, సుద్దపొడి పరీక్ష తప్పదు.

డబ్బు అన్నిటికీ చాలదనుకుంటే వరస ఇది. మొదట బ్రేకు హోస్, టై రాడ్ ఎండ్‌లు, కింగ్ పిన్. తర్వాత ఆర్మ్ బుష్‌లు, బేరింగులు. షాక్ అబ్జార్బర్లు ఆ తర్వాత. స్ప్రింగులు చిట్టచివర. మన దగ్గర చాలామంది దీన్ని తలకిందులుగా చేస్తారు, కొత్త షాకులు వేసి బండి మెత్తగా ఉందని మురిసిపోతారు.

కింగ్ పిన్ పని

పాత పిన్ అంత సులువుగా రాదు. దాన్ని కదలకుండా పట్టి ఉంచే చిన్న లాక్ పిన్‌ను ముందు తీయాలి. అది తీయకుండా కింగ్ పిన్‌ను బాదితే రెండూ పాడవుతాయి. కిరసనాయిలు, ఇంజను ఆయిలు కలిపి రెండు రోజులు చుక్కలు చుక్కలుగా పోస్తూ ఉండండి. అప్పటికీ రాకపోతే సుత్తితో యుద్ధం వద్దు. ఆటోనగర్‌లో హైడ్రాలిక్ ప్రెస్ ఉన్న షాపుకు తీసుకెళ్తే టీ తాగేలోపు ఊడొస్తుంది.

బుష్ ఎక్కించేటప్పుడు చూడాల్సింది గ్రీజు రంధ్రం. బుష్ మీది రంధ్రం, గ్రీజు పట్టించే నిపుల్ దారిలోని రంధ్రం సూటిగా కలవాలి. బుష్ ఎక్కించాక సన్నటి తీగ దూర్చి చూడండి. తీగ అడ్డుపడితే ఇక గ్రీజు ఎన్నడూ పిన్ దాకా వెళ్లదు, కొత్త సెట్టు కొద్ది రోజుల్లోనే అరిగిపోతుంది. గ్రీజు గన్ కొడితే నిపుల్ పక్క నుంచే కక్కే బండ్ల కథ చాలావరకు ఇదే.

ఎక్కించిన బుష్ కొంచెం బిగుస్తుంది కాబట్టి రీమర్ (రంధ్రాన్ని కొద్దిగా చెక్కి కొలతకు తెచ్చే పనిముట్టు) వేయాలి. పై బుష్, కింది బుష్ రెండిటికీ ఒకేసారి, ఒకే వరసలో పోయే పొడవాటి రీమర్ వాడమని అడగండి. విడివిడిగా వేస్తే రెండు రంధ్రాలూ ఒక గీత మీద ఉండవు. పిన్ ఎక్కడం ఎక్కుతుంది, స్టీరింగు మాత్రం రాయిలా తిరుగుతుంది. లేత్ దగ్గర నిలబడి చూసుకోండి, మొహమాటం అక్కర్లేదు. సరైన ఫిట్టింగు ఎలా తెలుస్తుందంటే, పల్చగా నూనె రాసిన పిన్ బొటనవేలితో నొక్కితే దిగాలి, వదిలేస్తే తనంతట తాను జారిపోకూడదు.

బరువు మోసే వాషర్ కానీ బేరింగు కానీ కింద పెట్టి, పైకీ కిందికీ ఉన్న సందును ఫీలర్ గేజ్‌తో కొలిచి, షిమ్‌లతో సరిచేయండి. చక్రం తిప్పితే బిగుసుకోకూడదు, పైకి లేపితే టకటకలాడకూడదు.

కింగ్ పిన్ దొరక్కపోతే లేత్ మీద కొత్తది చేయించొచ్చా అని అందరూ అడుగుతారు. బుష్ అయితే చేయించొచ్చు, ఫాస్ఫర్ బ్రాంజ్ కడ్డీతో చేసిన బుష్ బాగానే పనిచేస్తుంది. పిన్ మాత్రం మెత్తటి ఇనుప కడ్డీ నుంచి చెక్కితే చాలదు. దాని పైపొర గట్టిపడేలా హీట్ ట్రీట్‌మెంట్ చేసి, ఆ తర్వాత గ్రైండింగు పట్టాలి. ఆ రెండూ చేయగలిగే చోటు దొరికితేనే ఆ దారి. లేదంటే దొరికేవరకు ఆగండి.

రబ్బరు బుష్‌లు: అందరూ పాడుచేసే చోటు

మన ఎండలకు రబ్బరు త్వరగా గట్టిపడుతుంది. ఆర్మ్ బుష్‌లు, స్టెబిలైజర్ రబ్బర్లు, బంప్ స్టాపర్లు ఒకేసారి మార్చేయండి. ఎక్కించేటప్పుడు ఇంజను ఆయిలో గ్రీజో రాయొద్దు, పెట్రోలు జాతి నూనెలకు మామూలు రబ్బరు ఉబ్బి మెత్తబడుతుంది. సబ్బు నీళ్లు చాలు. ఇంకా జారాలంటే ఆముదం రాయండి, రబ్బరుకు ఏమీ కాదు.

ఇక అసలు సంగతి. సైలెంట్ బ్లాక్ రకం బుష్‌లో లోపలి ఇనుప గొట్టం, బయటి గొట్టం మధ్య రబ్బరు అతుక్కుని ఉంటుంది. బోల్టు బిగించాక లోపలి గొట్టం కదలదు. ఆర్మ్ పైకీ కిందికీ ఊగినప్పుడల్లా రబ్బరే మెలి తిరుగుతుంది. బండి గాల్లో, ఆర్మ్ కిందికి వేలాడుతుండగా ఈ బోల్టును పూర్తిగా బిగించేస్తే రబ్బరు ఆ స్థితిలో స్థిరపడిపోతుంది. బండి నేలమీదికి దిగగానే అది ఎప్పటికీ మెలి తిరిగే ఉంటుంది. ముందు భాగం కొంచెం ఎత్తుగా కనిపిస్తుంది, కొన్ని నెలల్లో రబ్బరు చిరుగుతుంది, మీరు బుష్ నాసిరకమని షాపువాణ్ని తిడతారు.

కాబట్టి ఆ బోల్టులను ముందు చేతి బిగువుతో వదిలేయండి. మిగతా పనంతా అయ్యాక చక్రాలు ఎక్కించి, బండి దించి, ముందు బంపర్ మీద గట్టిగా నొక్కి వదిలి, నాలుగడుగులు ముందుకీ వెనక్కీ తోయండి. బండి తన ఎత్తులో కూర్చున్నాకే కింద దూరి, ఫుల్ బిగువు బిగించండి. దూరడానికి చోటు చాలకపోతే నాలుగు చక్రాలనూ గట్టి ర్యాంపుల మీదికి ఎక్కించండి. జాకీ మీద మాత్రం కాదు.

లేత్ మీద పాలీయురేథేన్ కడ్డీతో బుష్‌లు చేయించుకునేవాళ్లున్నారు. ఎక్కువ కాలం వస్తాయి, నిజమే. కానీ రోడ్డు మీది ప్రతి రాయీ సీట్లోకి తెలుస్తుంది, గ్రీజు లేకపోతే కీచుమంటాయి. రబ్బరు దొరికినంత కాలం రబ్బరే వేయమంటాను.

స్ప్రింగులు, షాకులు

రెండు స్ప్రింగులను పక్కపక్కన నిలబెట్టి పొడవు చూడండి. సమానంగా ఉండి, తుప్పు గుంటలు లేకపోతే రంగు వేసి అవే వాడండి. మార్చాల్సి వస్తే జంటగా మార్చండి. వేడిచేసి కుంగదీయడం, ఒక చుట్టు కోయించడం కుర్రాళ్ల సరదా, దాని జోలికి పోవద్దు. షాక్ అబ్జార్బర్‌ను నిలువుగా పట్టుకుని లాగి నొక్కండి. మొదటి నుంచి చివరి దాకా ఒకే బరువు తగలాలి. మధ్యలో ఖాళీగా జారితే, నూనె కారి ఉంటే మార్చాలి. కొత్తదైనా బిగించే ముందు నిలువుగా పట్టుకుని కొన్నిసార్లు ఆడిస్తే లోపలి గాలి పోతుంది.

తిరిగి బిగించడం

విప్పిన వరసకు తలకిందులు, అంతే. కొన్ని చోట్ల మాత్రం జాగ్రత్త. సస్పెన్షన్‌లోకి హార్డ్‌వేర్ షాపు బోల్టులు రాకూడదు. తల మీద 8.8 అని గుర్తున్నవి, పాతదాని పొడవు, మర ఒకటేనని చూసి కొనండి. స్ప్లిట్ పిన్‌లు ప్రతి చోటా కొత్తవి. వాటిని వంచి మళ్లీ వాడే అలవాటు మానేయండి. టార్క్ రెంచి ఒకరోజుకు అప్పు తెచ్చుకుని మాన్యువల్లో ఉన్న లెక్కకు బిగించండి.

వీల్ బేరింగులో గ్రీజు వేలితో పూస్తే సరిపోదు. అరచేతిలో గ్రీజు ముద్ద పెట్టుకుని, బేరింగు అంచును దానికేసి నొక్కుతూ, అవతలి వైపు నుంచి గ్రీజు తొంగిచూసేవరకు ఎక్కించాలి. టేపర్ రోలర్ రకమైతే చక్రం తిప్పుతూ నట్టు బిగించి, బేరింగు సీటు పట్టాక కొద్దిగా వెనక్కి వదిలి, స్ప్లిట్ పిన్ వేయండి. కింగ్ పిన్ నిపుళ్లలో కొత్త గ్రీజు సందుల్లోంచి బయటికి వచ్చేదాకా గన్ కొట్టండి.

దారం కట్టి టో చూడటం

ఇంట్లోనే రఫ్‌గా సెట్ చేసుకుంటే షాపుదాకా టైర్లు అరక్కుండా వెళ్లొచ్చు. స్టీరింగు సూటిగా ఉంచండి. కొలవడం అయ్యాక, టై రాడ్ తిప్పే ముందు ఒక్కో ముందు టైరు కింద రెండు నున్నటి గ్రానైట్ పలక ముక్కలు ఒకదాని మీద ఒకటి, మధ్యలో గ్రీజు రాసి పెట్టండి. రాయి కటింగ్ యూనిట్ల దగ్గర పారేసినవి ఊరికే ఇస్తారు. టై రాడ్ తిప్పినప్పుడు టైరు నేలను పట్టుకోకుండా జారుతుంది.

రిమ్ము ముందు అంచు మీద, చక్రం మధ్య ఎత్తులో సుద్దతో రెండు చక్రాలకూ గుర్తు పెట్టండి. రెండు గుర్తుల మధ్య దూరం కొలవండి. ఇప్పుడు బండిని సగం చక్రం తిరిగేంత ముందుకు తోయండి, అదే గుర్తులు వెనక్కి వస్తాయి. మళ్లీ కొలవండి. ఒకే గుర్తుతో రెండుసార్లూ కొలిచారు కాబట్టి రిమ్ము వంకర ఉన్నా లెక్క తప్పదు. ముందు కొలత వెనకదాని కన్నా ఎంత తక్కువుంటే అంత టో ఇన్. మాన్యువల్లో ఉన్న అంకెకు తెచ్చుకోండి. టై రాడ్‌లను రెండు వైపులా సమానంగా తిప్పండి, లేకపోతే స్టీరింగు చక్రం వంకరగా నిలుస్తుంది.

తర్వాత కంప్యూటర్ అలైన్‌మెంట్ షాపుకు వెళ్లండి. వాళ్ల మెషీన్ జాబితాలో పద్మిని లేకపోవచ్చు, అప్పుడు కుర్రాడు ఏదో దగ్గరి కారు పేరు నొక్కేస్తాడు. మాన్యువల్ పేజీ ఫొటో చూపించి, ఆ అంకెలే కొట్టమనండి. క్యాంబర్ రెండు వైపులా ఒకేలా ఉందా అని అడిగి, ప్రింటవుట్ తీసుకోండి. తేడా ఉంటే మీరు రాసిపెట్టుకున్న షిమ్‌ల లెక్క అక్కరకొస్తుంది.

రోడ్డు మీదికి

మొదట ఖాళీ మైదానంలో మెల్లగా నడిపి, బ్రేకు కొట్టి చూడండి. ఆ తర్వాత చంద్రగిరి దాకా ఒకసారి. స్పీడ్ బ్రేకర్ల మీద కిటికీ అద్దాలు దించి వినండి. కొత్త బుష్‌ల కీచు కొన్నాళ్లకు పోతుంది, టక్కుమనే చప్పుడు పోదు. అది వినిపిస్తే బండి ఆపి బోల్టులు చూడాల్సిందే. వంద కిలోమీటర్లు తిరిగాక అన్ని బోల్టులూ మళ్లీ టార్క్ చూడండి, మొదట కొలిచిన మడ్‌గార్డ్ ఎత్తు కూడా మళ్లీ కొలవండి.

మదనపల్లె వైపు భాకరాపేట ఘాట్ లాంటి మలుపులకు ఇవన్నీ అయ్యాకే వెళ్లండి. దిగేటప్పుడు రెండో గేరులో ఉంచండి, నాలుగూ డ్రమ్ము బ్రేకులే కాబట్టి వేడెక్కితే పట్టవు. తిరుమల కొండకు తీసుకెళ్లాలనుంటే పాత బండ్ల మీద అప్పటికి ఉన్న నిబంధన ఏమిటో ముందే కనుక్కోండి, అలిపిరి తనిఖీ దగ్గర వెనక్కి తిప్పి పంపితే మనసు నొచ్చుకుంటుంది.

అన్నీ సరిగా ఉన్నా బండి ఒకవైపు లాగుతుంటే మళ్లీ విప్పడం మొదలుపెట్టొద్దు. ముందు రెండు టైర్లనూ ఎడమది కుడికి, కుడిది ఎడమకు మార్చి నడపండి. లాగే దిక్కు మారితే తప్పు టైరుది. మారకపోతే చక్రాలు ఎత్తి చేత్తో తిప్పి, ఏ బ్రేకు షూ పట్టేసి ఉందో చూడండి. అదీ కాకపోతేనే క్యాస్టర్ షిమ్‌ల దగ్గరికి రండి.